రెండో తప్పు

ఉదయం ఎనిమిదింటికి సుచరిత తలుపు పక్క పలక మీద అరచెయ్యి ఆనించి తన రహస్యమాట చెప్పింది. లాకులన్నిటినీ కాసే కంప్యూటరు పహరా ఆమెను లోపలికి రానిచ్చి నిన్నటి తప్పుల చిట్టా ముందు పరిచింది. సముద్రాన్ని ఆపే ఉప్పుగట్టు పొడవునా నూట పన్నెండు లాకులు, లాకుకో గేటు. తప్పుడు ప్రవేశాలు రెండు వందల నలభై ఒకటి. మూతలు సున్నా.

ఆ సున్నా చూస్తే ఆమెకు టీ తాగినంత హాయి. అవనిగడ్డ ప్రవేశాల గదిలో తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. ఎవరు లోపలికి రాబోయి రాలేకపోయారు, ఎందుకు రాలేకపోయారు, ఎన్నిసార్లు. లోపలికి వచ్చినవాళ్ళ గురించి పట్టించుకోవడానికి మూడు అంతస్తుల నిండా మనుషులున్నారు. రాలేకపోయినవాళ్ళకు ఆమె ఒక్కతే దిక్కు.

పహరాకి మనిషి ముఖంతో పని లేదు. అరచెయ్యి కుదరాలి, మాట కుదరాలి. ఏది కుదరకపోయినా, ఏదని చెప్పకుండా, ఒక తప్పు రాసుకుంటుంది. మూడో తప్పుకు ఆ మనిషికి మూత పడుతుంది, ఆరు గంటలపాటు తన లాకు తనకే తెరుచుకోదు. అప్పుడు సుచరిత కారణం రాసి మాఫీ ఇస్తే మూత తీస్తుంది. మాఫీ వల్ల తప్పు మాత్రం చెరిగిపోదు. మధ్యాహ్నం పన్నెండుకో అర్ధరాత్రికో లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యేదాకా ఆ అంకె అన్ని లాకుల బోర్డుల మీదా, వరసలో తన నంబరు పక్కన, అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ కట్టుదిట్టం ఊరికే పుట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఎవడో ఇంజనీరునని ఫోన్లో నమ్మించి పదిహేడో లాకు కాసే లస్కరు దగ్గర సగం మాట రాబట్టాడు. మిగతా సగం మూడు వందలసార్లు ఊహించి, చివరికి గేటు ఎత్తేశాడు. తొమ్మిది ఊళ్ళ పొలాల్లోకి సముద్రం వచ్చింది. ఆ ఊళ్ళలో ఈనాటికీ వరి సరిగ్గా పండదు. అప్పటినుంచి లాకుకీ లాకుకీ మధ్య ఫోన్లు లేవు. కార్యాలయం నుంచి కిందికి కూడా ఫోను లేదు. లస్కరు పైకి ఫోన్ చేయవచ్చు, అంతే. కిందికి వెళ్ళే ప్రతి ఆజ్ఞనూ పహరా రెండు గంటలు వడకట్టి పంపుతుంది. పక్క లాకు మీద ఎవరైనా దొంగ ప్రయత్నాలు చేస్తుంటే కనిపెట్టమని, తప్పుల అంకెల బోర్డు మాత్రం అందరికీ ఇచ్చారు.

బోర్డులో అన్నిటికన్నా పైవరస అవనిగడ్డ కార్యాలయానిది. అక్కడ తొమ్మిదేళ్ళుగా సున్నాయే. కార్యాలయం వాళ్ళకు తమ తప్పు అదే రోజు తుడుచుకునే వీలుంది. లస్కర్లకు లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు, అడిగే స్థాయి వాళ్ళది కాదు. సుచరిత మాత్రం ఆ తుడుపు ఒక్కసారి కూడా వాడుకోలేదు. ఆమె తప్పు చేస్తేగా.

తొమ్మిదో లాకు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మగారండీ, నాకు రెండు పడిపోయినయ్యండి. ఇంకోటి పడితే మూతే. చెయ్యి తీసుకోటల్లేదు."

"రొయ్యలు ఒలిచారా?"

"మా బామ్మర్ది వచ్చాడండి నిన్న."

"బావమరిది తిన్నది బాగానే ఉంది, మీ చేతి గీతలే అరిగిపోయాయి. కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి పెట్టండి. మళ్ళీ ఒలిచేటప్పుడు ఎడమచెయ్యి వాడండి."

"ఎడం చేత్తో ఒలవటం ఎట్టాగండి?"

"నాకు తెలీదు. కుడిచెయ్యి ప్రభుత్వానిది."

చిట్టాలో పదిహేడు తప్పులను ఆమె ఇలాగే గంటలో తేల్చేసింది. జలుబు గొంతులు నాలుగు, కొత్త మాట మరిచినవాళ్ళు ఆరుగురు, రొయ్యలు ఏడు. మిగిలిన రెండు వందల ఇరవై నాలుగూ ఆమెకు పాత శత్రువులే. రోజూ పగటి ఆటు సమయంలో, ప్రతి లాకులోనూ సరిగ్గా రెండేసి. ఎక్కువ లేదు, తక్కువ లేదు. మొదటిది గేటు శుభ్రం చేసే వేళకు, రెండోది ఓ అరగంట తరవాత. దానికి ఆమె "తడిచేతి బద్ధకం" అని పేరు పెట్టింది. చేతులు తుడుచుకోకుండా పలక మీద పెట్టేస్తారు, మూడోసారికి మూత పడుతుందన్న భయంతో అప్పుడు తుడుచుకుంటారు. ఇందులో అర్థం కానిదేముంది?

మందు కూడా ఆమే రాసింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూత మూడో తప్పుకు కాదు, రెండో తప్పుకే.

ఆ ప్రతిపాదన మీద సంతకం పెట్టేముందు ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ రహమతుల్లా ఒక్క ప్రశ్న వేశాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, దేనికీ తొందరపడడు.

"అందరూ సరిగ్గా రెండే ఎందుకు చేస్తున్నారు, సుచరిత గారూ?"

"మూడు చేస్తే మూత పడుతుంది కాబట్టి సార్. ఒకటే చెయ్యనిస్తే ఒకటే చేస్తారు."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

పన్నెండింటికి కొత్త హద్దు అమల్లోకి వచ్చింది. మధ్యాహ్నం మూడూ యాభై అయిదు నుంచి అంకెలు లేవడం మొదలుపెట్టాయి. నాలుగూ అయిదుకల్లా నూట పన్నెండు లాకుల పక్కన ఒకట్లు నిలబడ్డాయి. సుచరిత కుర్చీ ముందుకు లాక్కుంది. నాలుగున్నర అయింది. ఒకటి పక్కన ఒకటి, ఏదీ కదల్లేదు. తడిచేతి బద్ధకం ఒక్కపూటలో కుదిరింది. ఆమె రహమతుల్లాను పిలిచి చూపించింది కూడా.

"చూశారా సార్? సగానికి సగం."

నాలుగూ ముప్ఫై మూడుకు అరవై ఒకటో లాకు నుంచి ఫోను వచ్చింది. లస్కరు నాంచారయ్య. గట్టు మీద పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాడు, అయిదేళ్ళలో రెండుసార్లకు మించి ఫోన్ చేసినవాడు కాదు.

"అమ్మగారూ, అరవై రెండులో మరియమ్మ పైకొచ్చిందా?"

"పైకి రావడమేమిటి?"

"గుంటలోంచండి. చెప్పండి, తొందరగా."

"నాకెలా తెలుస్తుంది? అక్కడి కెమెరాలు ఉప్పుకు పోయి ఏళ్ళయింది."

"మీక్కూడా తెలవదా?" అన్నాడతను. మాటలో కోపం లేదు, ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను అన్న ఆశ్చర్యం ఉంది. తరవాత చెప్పడం మొదలుపెట్టాడు.

ఆటుకి నీళ్ళు దిగినప్పుడు ప్రతి లస్కరూ ఇనుప నిచ్చెన మీద గేటు గుంటలోకి దిగాలి. గేటు జారే గాడిలో గుర్రపుడెక్క, వలల ముక్కలు ఇరుక్కుంటాయి. తీయకపోతే గేటు కిందిదాకా దిగదు. లాకుకు ఒక్కరే లస్కరు. నాచు పట్టిన నిచ్చెన. జారి పడితే కేకేసినా వినే మనిషి రెండు కిలోమీటర్ల అవతల ఉంటాడు. ఫోన్లు పోయిన మొదటి ఏడాది అలా ఇద్దరు పోయారు. పోటు నీళ్ళు గుంట నింపేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పుడు ఎవరు మొదలుపెట్టారో నాంచారయ్యకు గుర్తులేదు కానీ, బోర్డు ఉందిగా అన్నారు. గుంటలోకి దిగేముందు పలక మీద తప్పు మాట ఒకటి. పైకెక్కి వచ్చాక ఇంకొకటి.

"ఎనకటికి మిస్డ్ కాల్ ఇచ్చుకునేవోళ్ళం సూడండి, అట్టాగన్నమాట. ఒకటి పడితే దిగాడని, రెండు పడితే ఎక్కాడని. ఎవరి పక్క లాకు ఆళ్ళు చూసుకుంటారు. దిగిన అరగంటకి రెండు పడకపోతే పరిగెత్తుకెళ్ళి చూస్తాం. ఎనిమిదేళ్ళలో పదకొండు మందిని తీశామండి. నన్నూ ఓసారి తీశారు."

సుచరిత బోర్డు వైపు చూసింది. నూట పన్నెండు ఒకట్లు.

"మరి మీరు రెండోది ఎందుకు చెయ్యలేదు?"

"మీరేగా మూత పెట్టారు? అయిదూ పదికి పోటు తిరుగుద్ది. అప్పుడు నా చెయ్యి పెట్టి సమ్మతిస్తేనే గేటు దిగుద్ది. ఇప్పుడు రెండోది చేసి మూత ఏయించుకుంటే గేటెవరు దించుతారు? అందరం అట్టాగే కూర్చున్నాం. అందరికీ ఒకటే పడుంది. మామూలప్పుడైతే రెండ్ల మధ్యలో ఒకటి కొట్టొచ్చినట్టు కనపడుద్ది. ఇప్పుడు ఎవరు ఎక్కారో ఎవరు ఎక్కలేదో ఏం తెలుసుద్ది? ఆ పిల్లకి రాత్రినించీ జొరం. పొద్దున గట్టు మీద కనపడితే చెప్పింది."

"అయితే మీరు వెళ్ళండి."

"ఎళ్ళి, అది బాగానే ఉంటే? తిరిగొచ్చేసరికి అయిదూ పది దాటుద్ది. నా గేటు తెరిచే ఉంటది, సముద్రం లోపలికొస్తది. నేనొక్కణ్ణే కాదు, ఎవరి పక్కోడి కోసం ఆడు ఎళ్తే నూట పన్నెండు గేట్లూ తెరిచే ఉంటయ్యి. అందుకే అడుగుతున్నా. పైకొచ్చిందా, లేదా?"

ఎనిమిదేళ్ళు రోజుకు రెండు వందల ఇరవై నాలుగు మాటలు సుచరిత కళ్ళముందు నుంచి పోయాయి. వాటికి బద్ధకమని పేరు పెట్టింది. మరియమ్మ అన్న మనిషి ఇప్పుడు నిచ్చెన మీద ఉందో, నిచ్చెన కింద ఉందో, తన పేరుతో అమలైన హద్దు వల్ల తెలియకుండా పోయింది. సిగ్గుతో ఆమె మెడ వేడెక్కింది. కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు, గడియారం నాలుగూ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది.

"నాంచారయ్య గారూ, మీ రెండోది చేసెయ్యండి. మూత నేను తీస్తాను."

"తీస్తారా?"

"ఇప్పుడే చూడండి."

అరవై ఒకటి పక్కన రెండు పడింది. పహరా మూత వేసింది. సుచరిత మాఫీ మీద నొక్కింది. కారణం, అని అడిగింది పహరా. ఆమె ఒక్క క్షణం ఆగి, "పైకొచ్చారు" అని రాసింది. మూత తెరుచుకుంది.

"తెరుచుకుందండి," అన్నాడు నాంచారయ్య. "నాకు సరే. మిగతావోళ్ళకి ఎట్టా తెలుసుద్ది, మీరు తీస్తారని?"

అదీ ప్రశ్న. ఆజ్ఞ పంపితే రెండు గంటల వడపోత. ఫోన్లు కిందికి పోవు. హద్దు మార్చాలంటే ఒక రోజు నోటీసు, ఆ నిబంధన కూడా ఆమె రాసిందే. సుచరిత వెనక్కి తిరిగింది. రహమతుల్లా తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు.

"సార్, వాళ్ళ బోర్డులో పైవరస మనదే."

"అవును."

"ఎనిమిదేళ్ళుగా వాళ్ళు మాట్లాడుకుంటుంటే అక్కడ సున్నా పెట్టుకుని కూర్చున్నాం. అది కదిలితే చూస్తారు. నూట పన్నెండు మందీ చూస్తారు."

ఆయనకు అర్థమైంది. "మీరు రెండు తప్పులు చేస్తే మీకే మూత పడుతుంది. మాఫీలు ఎవరిస్తారు?"

"నేను ఒకటే చేస్తాను సార్. రెండోది మీరు చెయ్యాలి."

రహమతుల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన చిట్టా కూడా అద్దంలా ఉంటుంది. పైగా రిటైర్మెంటు ముందు ఏడాది. ఆయన ఆ సంగతులేవీ ఎత్తలేదు. "పక్కవాడు ఎక్కాడో లేదో అందరికీ తెలిస్తే, నిజంగా ఎక్కనివాళ్ళ పక్క గేటు ఒక్కటే వదిలేస్తాం," అన్నాడు తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. "ఒక గేటు ఉప్పు కడుక్కోవచ్చు. నూట పన్నెండు కడుక్కోలేం. కానివ్వండి."

సుచరిత బయటికి వచ్చి, మళ్ళీ పలక మీద చెయ్యి ఆనించింది. తప్పు మాట చెప్పడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. నోరు అలవాటుకొద్దీ అసలు మాట వైపే పోతోంది. చివరికి తోచింది చెప్పింది.

"మరియమ్మ."

తప్పు, అంది పహరా. అవనిగడ్డ పక్కన తొమ్మిదేళ్ళ సున్నా పోయి ఒకటి వచ్చింది. ఆమె అసలు మాట చెప్పి వెంటనే లోపలికి పోయింది. రహమతుల్లా తన గదిలో తన పలక మీద చెయ్యి పెట్టాడు. ఆయన ఏం తప్పు మాట చెప్పాడో ఆమెకు వినపడలేదు. పైవరసలో రెండు పడింది.

కాసేపు ఏమీ జరగలేదు. పదిహేను సెకన్లు, ఇరవై. గట్టు పొడవునా బోర్డుల ముందు నూట పది మంది నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటారని సుచరితకు తెలుస్తూనే ఉంది. కార్యాలయం గుంటలోకి దిగి పైకెక్కింది. అంటే కార్యాలయానికి తెలిసింది.

ముందుగా కదిలింది అరవయ్యో లాకు. రెండు. ఆమె మాఫీ ఇచ్చి "పైకొచ్చారు" అని రాసింది. తరవాత నాలుగు, ముప్ఫై ఎనిమిది, నూట మూడు. ఆపైన వానలా పడ్డాయి. ఇరవై మాఫీలకు పహరా ఆమెను ఆపేసి అధికారి అనుమతి అడిగింది. రహమతుల్లా పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఇరవైకోసారి చెయ్యి పెడుతూ పోయాడు. కారణం, పైకొచ్చారు. కారణం, పైకొచ్చారు. రొయ్యల తొమ్మిదో లాకు కూడా రెండయింది. అతని పొద్దుటి రెండూ పన్నెండింటికే సున్నా అయ్యాయి కాబట్టి సరిపోయింది.

నాలుగూ యాభై ఒకటికి బోర్డు మీద నూట పదకొండు రెండ్లు. అరవై రెండు పక్కన ఒకటి.

"నాంచారయ్య గారూ," అంది సుచరిత. ఫోను ఇంకా పెట్టేయలేదతను. "రాలేదు. వెళ్ళండి."

"నా గేటు?"

"వదిలెయ్యండి. మా పూచీ."

రిసీవరు గోడకు కొట్టుకున్న చప్పుడు వినపడింది. తరవాత గాలి, దూరంగా గట్టు మీద చెప్పుల చప్పుడు, అదీ పోయింది.

ఇక ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకు బొత్తిగా అలవాటు లేదు. అరవై రెండు దగ్గర ఒకటిని చూస్తూ కూర్చుంది. అయిదు అయింది. అయిదూ మూడు. రహమతుల్లా లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఈ పాటికి అతను నిచ్చెన దగ్గరికి చేరి ఉండాలి. అరవై ఏళ్ళ దగ్గరపడిన మనిషి, రెండు కిలోమీటర్లు. అయిదూ ఆరు. పోటు తిరగడానికి నాలుగు నిమిషాలు. గుంటలో నీళ్ళు అంతకు ముందే లేస్తాయని నాంచారయ్య చెప్పలేదు కానీ, ఆటుపోట్ల పటాలు చదివిన మనిషి కాబట్టి ఆమెకు తెలుసు.

అయిదూ ఎనిమిదికి అరవై రెండు పక్కన అంకె కదిలింది.

రెండు.

ఆ పలక మీద నాంచారయ్య చెయ్యి పెట్టి ఉంటే ఆ తప్పు అతని అరవై ఒకటో వరసలో పడేది, ఇది మరియమ్మ చెయ్యే. అంటే ఆ చెయ్యి అక్కడ ఉంది. సుచరిత కళ్ళు తుడుచుకుని మాఫీ నొక్కి, కారణం రాసింది. తొందరలో "పైకొచ్చారు"లో ఒక అక్షరం తప్పుపడింది. పహరా దిద్దమని అడగలేదు.

అయిదూ పదికి పోటు తిరిగింది. నూట పదకొండు గేట్లు దిగాయి. వాటిలో అరవై రెండోది కూడా ఉంది. అరవై ఒకటో గేటు సమ్మతి లేక తెరిచే ఉండిపోయింది. నాలుగు కాలవల్లో ఉప్పు ఎక్కుతోందని పహరా ఎర్ర అక్షరాల్లో చూపించింది. వారంపాటు మంచినీళ్ళతో కడగాలి. రహమతుల్లా ఆ పనికి అప్పుడే కాగితం తయారు చేయిస్తున్నాడు.

పహరా అంతటితో ఊరుకోలేదు. ఒకే గంటలో నూట పన్నెండు మాఫీలు, ఒకే కారణం, కారణాల జాబితాలో లేని కారణం. దీన్ని దాడిగా నమోదు చేయాలా, అని అడిగింది.

కాదు, అని నొక్కింది సుచరిత.

మరి దేనిగా నమోదు చేయాలి, అని అడిగింది పహరా. తొమ్మిదేళ్ళలో ఆమె దాని నోట అలాంటి ప్రశ్న వినలేదు. దానికి దాడి, పొరపాటు అని రెండే గదులున్నాయి. మూడో గదిని ఆమే కట్టించాలి. హద్దును మళ్ళీ మూడుకు మారుస్తూ రేపటి నోటీసు రాసి, కింద మూడో గది పేరు ఖాళీగా వదిలేసింది. పేరు గట్టు మీదివాళ్ళు పెడితే బాగుంటుంది. తను పెట్టిన పేరు సంగతి చూసిందిగా.

రహమతుల్లా సంచీ సర్దుకుని వచ్చి ఆమె భుజం మీదుగా పైవరస చూశాడు. ఆయన రిటైర్మెంటు గుర్తొచ్చి అన్నాడో, ఆమె తొమ్మిదేళ్ళు గుర్తొచ్చి అన్నాడో తెలియదు.

"మన రెండూ తుడిచేసుకోవచ్చుగా సుచరిత గారూ. అర్ధరాత్రిదాకా వీలుంది."

"మీకు కావాలంటే మీది తుడుచుకోండి సార్."

"మీది?"

"తుడిస్తే అక్కడ అంకె తగ్గుతుంది. అవనిగడ్డ వాళ్ళు ఇంకా గుంటలోనే ఉన్నారనుకుని ఎవరైనా పరిగెత్తుకొస్తారు."

రహమతుల్లా తుడుపు మీద పెట్టబోయిన చెయ్యి జేబులో పెట్టుకుని, లైటు ఆర్పకుండానే బయటికి నడిచాడు.